తంగేడు దండ వేసుకున్న బీగుడు

గట్టు జరిపింది కుళ్లాయప్పే. ఈ మాట నరసింహప్ప చెప్పని మనిషి ఊళ్లో లేడు. ఎద్దులున్న రోజుల్లో నాగలిని కొంచెం ఇటు వాల్చీ, ట్రాక్టర్లు వచ్చాక డ్రైవరు చెవిలో ఏదో ఊదీ, ఏటికొక సాలు చొప్పున తన చేను మింగుతూ వచ్చాడని అతని ఫిర్యాదు. ఎవరింట్లోనైనా మనిషి పోతే పలకరించడానికి వెళ్లి, పాడె లేవక ముందే గట్టు సంగతి లేపేవాడు. కంబదూరు బస్సులో పక్కన కూర్చున్న పరాయి ఊరివాడికీ చెప్పేవాడు. వాడు మధ్యలో దిగిపోతే, సగం విని లేచిపోయాడని వాడి మీద ఇంకో కోపం. పోనుపోను జనం అతన్ని అంత దూరాన చూసి సందులోకి తిరగడం మొదలుపెట్టారు. వాళ్లను అలా తిప్పిస్తున్నది కూడా కుళ్లాయప్పేనని నరసింహప్ప లెక్క.

కుళ్లాయప్పను అడిగితే అతని మాట అతనికుంది. "గట్టు యాడుండాదో ఆడే ఉండాది. జరిగింది ఆయప్ప తలకాయి."

తగువు ముదిరాక ఆ గట్టునూ, దాని పక్కనున్న పొడుగాటి పట్టీనీ ఇద్దరూ దున్నడం మానేశారు. ఒకరు మడక కడితే రెండోవాడు కట్టె పట్టుకుని వచ్చేవాడు. మనుషులు వదిలేసిన నేలను తంగేడు పట్టుకుంది. ఒకరు విత్తింది లేదు, ఒకరు బిందెడు నీళ్లు పోసింది లేదు. కరువు ఏళ్లలో చుట్టూ చేలన్నీ కాలిన పెనంలా ఉంటే ఆ పట్టీ మాత్రం నడుమెత్తు పొదలతో, పసుపు గుత్తులతో సిగ్గులేకుండా వెలిగిపోయేది. నరసింహప్పకు అది చూస్తే ఒళ్లు మండేది. ఏటా ఎండాకాలంలో కొడవలి తీసుకుపోయి మొదలంటా నరికి వచ్చేవాడు. వంట చెరుకు కోసం కాదు. నేల నాది, నరికే హక్కు నాది అని కుళ్లాయప్పకు వినబడాలని. తంగేడుకు ఈ తగువు సంగతులేవీ తెలియవు కాబట్టి నరికిన చోటల్లా నాలుగు కొమ్మలు వేసుకుని మళ్లీ పూసేది.

ఆ ఏడాది మృగశిర కార్తె ఉత్తదే పోయింది. ఆరుద్ర కూడా మబ్బులు చూపించి మోసం చేసింది. విత్తనపు వేరుశనగ మూటలు ఇళ్లలోనే ఉన్నాయి. ఊరంతా ఆకాశం వైపు చూస్తుంటే నరసింహప్ప ఒక్కడు మంగళవారం వైపు చూస్తున్నాడు. ఎన్నిసార్లో తిరిగితే చివరికి తహసీల్దారు ఆఫీసు వాళ్లు సర్వేయరును పంపుతామన్నారు. మంగళవారం పొద్దున కొలిచే చైను పడుతుంది, గట్టు తేలిపోతుంది, కుళ్లాయప్ప ఊరి ముందర తల దించుకుంటాడు. ఆ క్షణంలో చెప్పడానికి ఒక పెద్ద మాటల మూట తయారుచేసుకున్నాడు నరసింహప్ప. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తువ్వాలు దులపాలో కూడా అనుకున్నాడు.

ఈ లోపల మారెక్క సోమవారానికి గాడిదల పెళ్లి పెట్టింది.

మారెక్క ఊళ్లో అందరికంటే పెద్దది. సర్పంచు మాట వినని వాళ్లు కూడా ఆమె మాట వింటారు, వినకపోతే తిట్లు వినాలి కాబట్టి. ఆంజనేయస్వామి గుడి ముందర బండ మీద కూర్చుని ఊరందరినీ పిలిపించింది.

"వాన రాకుంటే గాడిదలకు పెండ్లి చేయాల. మా అవ్వ చేసింది, మా అమ్మ చేసింది. మీరంతా సెల్లులో వాన చూస్తాండారు గానీ యాడ పడింది?"

"ఆషాఢం కదా మారెక్కా," అన్నాడు గుడి పూజారి బయ్యన్న.

"ఆషాఢం నీకు, నాకు. గాడిదలకు ఆషాఢమేంది?"

ఆడ గాడిద ఊళ్లోదే, పేరు చిట్టెమ్మ. మగ గాడిదను కుళ్లాయప్ప భార్య పుట్టింటి ఊరి నుంచి తేవాలి కాబట్టి మగపెళ్లి వారు కుళ్లాయప్ప ఇంటివాళ్లని తేలిపోయింది. ఆడపెళ్లి వారెవరన్నది మిగిలింది. దానికి ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. కడుపున ఆడపిల్లలు లేని దంపతులే చిట్టెమ్మకు అమ్మా నాయనా కావాలి. ఆ విధంగా వాళ్లకూ కన్యాదానం చేసిన పుణ్యం దక్కుతుంది, ఊరికీ వాన దక్కుతుంది.

మారెక్క చూపు జనం మీదంతా తిరిగి నరసింహప్ప దగ్గర ఆగింది. అతనికి ఇద్దరూ మగపిల్లలే.

"నేను గాడిదకు నాయనానా?" అని లేచాడు నరసింహప్ప.

"అట్లంటే ఎట్లప్పా. కొంచెం పోలికలు కూడా ఉండాయి," అంది మారెక్క.

జనం నవ్వారు. అందరికంటే ముందు కుళ్లాయప్ప నవ్వాడు. దాంతో నరసింహప్ప తువ్వాలు భుజాన పడేసుకుని ఇంటి దారి పట్టాడు. "ఆ మనిషితో నేను బీగుడు అయ్యేదా? గట్టు మింగినోనితోనా?" వియ్యంకుణ్ణి ఈ పక్క బీగుడంటారు. బీగులైన వాళ్లు ఒకరినొకరు ఎంత ఏడిపించుకున్నా కోపం తెచ్చుకోకూడదు. ఆ సంగతి తలుచుకుని నరసింహప్ప అడుగులు ఇంకా జోరుగా వేశాడు.

భార్య ఓబమ్మ ఇంటి గడప దగ్గర అతన్ని ఆపింది. ఆమె మామూలుగా ఎక్కువ మాట్లాడదు. ఇంట్లో మాటలన్నీ గట్టుకే ఖర్చయిపోతాయి.

"ఏమయ్యా, నాకు ఆడబిడ్డ ల్యాకపాయె. ఒక్క దినం బిడ్డకు పసుపు పూసి, తల దువ్వి పంపిస్తా. నీ గట్టు యాడికీ పోదు. అడ్డం రావద్దు."

"అది గాడిదమ్మే."

"గాడిదైతే ఏమి. ఇన్నేండ్లు నీతో కాపురం చేసినా, నాకు అలవాటే."

నరసింహప్ప తువ్వాలు దులిపి మళ్లీ భుజాన వేసుకుని, మారెక్కతో సరేనని చెప్పడానికి వెనక్కు తిరిగాడు.

సోమవారం పొద్దున ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పెళ్లికి దండలు కావాలి. కల్యాణదుర్గం పోయి మల్లెపూలు తేవాలంటే దుడ్లు ఎవరిస్తారని మారెక్క కసిరింది. "గట్టు మీద బంగారం మాదిరి పూసి ఉండాది కదప్పా. తెంపకరాపోండి." ఆ గట్టు ఎవరిదన్న సంగతి ఆమె అడగలేదు. ఆడపెళ్లి వారు ఆడపెళ్లి దండలకు, మగపెళ్లి వారు మగపెళ్లి దండలకు ఎవరి పూలు వాళ్లే కోయాలంది.

అట్లా నరసింహప్ప ఒక బుట్ట పట్టుకుని తన చేను వైపు నుంచీ, కుళ్లాయప్ప ఇంకో బుట్ట పట్టుకుని తన చేను వైపు నుంచీ ఒకే పట్టీలోకి దిగారు. మధ్యలో నడుము మీద చేతులు పెట్టుకుని మారెక్క నిలబడింది, ఎవరి తలా పగలకుండా.

నరసింహప్ప ఆ పొదల్లోకి కొడవలి లేకుండా రావడం అదే మొదటిసారి. కోయడం మొదలుపెట్టాక అతనికి ఒకటి కనబడింది. అంచుల్లో చెయ్యి పడని పొదలు ఒక్కో కొమ్మ వేసి, పైన నాలుగు పూలు పూసి ఊరుకున్నాయి. ఏటా అతను పళ్లు కొరుకుతూ నరికిన మోళ్లు మాత్రం గుంపులు గుంపులుగా చిగిర్చి, ఆకు కనబడకుండా పూసి ఉన్నాయి. అతను ఒక గుత్తి పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. రేకులు ఎంత పల్చగా ఉన్నాయంటే వేళ్లకు తగిలీ తగలనట్టు ఉన్నాయి. వేళ్ల నిండా పసుపు పుప్పొడి.

"ఏమప్పా, పూలు తెంపుతాండావా, పూలతో మాట్లాడతాండావా?" అంది మారెక్క.

"ఏం ల్యా మారెక్కా. ఇన్ని పూలు ఎట్ల పూసిందా అని."

"నీ మాదిరి చెట్టు అది." మారెక్క ఒక ఆకు తుంచి అతని నోటి ముందర పెట్టింది. "నమిలి చూడు. చేదు, వగరు. మేక మూతి పెట్టదు, గొర్రె దగ్గరికి రాదు. నిన్నూ అంతే, చూస్తే జనం పక్కకు పోతారు. నరికితే తిరుక్కొని వస్తాది, నువ్వూ అంతే. అన్నీ సరిపోయినాయి. ఒక్కటే తక్కువ."

"ఏంది?"

"అది పూస్తాది. నువ్వింగా పూయల్యా."

పొదల అవతల కుళ్లాయప్ప కిసుక్కున నవ్వు ఆపుకున్న చప్పుడు వినబడింది. నరసింహప్ప వినబడనట్టు ఇంకో నాలుగు గుత్తులు తెంపాడు. బుట్ట నింపుకుని వచ్చేశాడు. దారి పొడుగునా మారెక్క మాట చెప్పులో ఇసుకలా కదులుతూనే ఉంది.

ముహూర్తం మధ్యాహ్నానికి పెట్టారు. కన్యాదాత పస్తుండాలి కాబట్టి నరసింహప్ప కడుపులో టీ చుక్క కూడా లేదు. ఓబమ్మ మాత్రం పెళ్లిల్లు నెత్తిన పెట్టుకుని తిరుగుతోంది. చిట్టెమ్మకు పసుపు పూసింది, మెడలో తంగేడు దండ వేసింది, కొత్త రవిక గుడ్డ వీపు మీద కప్పింది, చెవుల మధ్య బాసికం కట్టింది. చిట్టెమ్మ ఒక్కసారి దండ చివర కొరికి చూసి, బాగాలేదని ఉమ్మేసి, గంభీరంగా నిలబడింది.

"చూడు, ఎంత బుద్ధిమంతురాలో," అంది ఓబమ్మ కళ్లు తుడుచుకుంటూ.

తప్పెట్లు మోగాయి. మగపెళ్లి వారు వచ్చారు. పెళ్లికొడుకు ఎర్ర తలపాగాతో, నుదుట బొట్టుతో ముందు నడుస్తుంటే పక్కన కుళ్లాయప్ప మెడలో అదే తంగేడు దండ. బీగులిద్దరికీ మెడలో దండలుండాలని మారెక్క పట్టుబట్టింది. నరసింహప్ప మెడలో కూడా ఒకటి పడింది. ఆడవాళ్లు వరసలు కట్టి బీగులను ఎత్తిపొడుస్తూ అప్పటికప్పుడు అల్లిన పాటలు ఎత్తుకున్నారు. పెళ్లికొడుకు చదువు ఎంతని ఒకరు, ఉద్యోగం గుంతకల్లు రైల్వేలోనా అని ఒకరు.

"రైల్వేలోనే. మూటలు మోసే పని, పర్మనెంటు," అన్నాడు కుళ్లాయప్ప.

నరసింహప్పకు నవ్వు వచ్చింది. దగ్గి దాచుకున్నాడు.

అల్లుడి కాళ్లు కడిగే వేళయింది. ఓబమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే నరసింహప్ప పళ్లెంలో ముందరి డెక్కలు రెండూ కడిగి లేవబోయాడు.

"ఇంగా రెండుండాయి," అన్నాడు బయ్యన్న.

"రెండు కడిగితే చాలదా అయ్యోరా?"

"అల్లునికి ఎన్ని కాళ్లుంటే అన్నీ కడగాల. శాస్త్రం."

నరసింహప్ప వెనక్కు పోయి మూడో కాలు పట్టుకున్నాడు. పెళ్లికొడుక్కు జన్మలో ఎవరూ అక్కడ చన్నీళ్లు పోసి ఉండరు. ఒక్క తన్ను తన్నింది. పళ్లెం గాల్లోకి లేచింది, చెంబు ఓబమ్మ చేతిలోంచి ఎగిరింది, పెళ్లికొడుకు తలపాగా ఒక కంటి మీదికి జారింది. పెళ్లికొడుకు గొంతెత్తి ఊరంతా వినబడేటట్టు ఓండ్రపెట్టి, పందిరి గుంజ ఒకటి ఊడబెరికి, దాన్ని తాడుతో సహా ఈడ్చుకుంటూ చేల మీద పడింది.

"అల్లుడు పారిపోతాండాడు," అని ఎవరో అరిచారు.

పెళ్లికొడుకు పారిపోతే వాన కూడా అటే పోతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. అందుకే నరసింహప్ప ఆలోచించకుండా పరుగెత్తాడు. పక్కనే కుళ్లాయప్ప పరుగెత్తుతున్నాడు. ఇద్దరి మెడల్లో దండలు ఎగురుతూ పూలు రాలుతున్నాయి. ఇద్దరికీ వయసు యాభై దాటింది, ఇద్దరి పంచెలూ నడుము నుంచి జారుతున్నాయి, ఇద్దరూ ఒక చేత్తో పంచె, ఒక చేత్తో గాలి పట్టుకుని పరుగెత్తుతున్నారు.

"ఆ పక్క నుంచి రా బీగుడా, ఆ పక్క నుంచి," అని కుళ్లాయప్ప రొప్పుతూ అరిచాడు.

"నువ్వు తాడు పట్టుకో బీగుడా. నేను గుంజ పట్టుకుంటా."

నోటి నుంచి బీగుడా అన్న మాట ఎట్లా వచ్చిందో నరసింహప్పకే తెలియదు. అతను గుంజ మీద పడ్డాడు. కుళ్లాయప్ప తాడు మీద పడ్డాడు. గాడిద ఇద్దరినీ కొంత దూరం దున్నింది, చక్కగా తిన్నని సాలు. తర్వాత విసుగొచ్చి ఆగిపోయి, ఏమీ జరగనట్టు ఒక ఎండు గడ్డి పరక కొరికింది.

నరసింహప్ప ఆకాశం వైపు చూస్తూ వెల్లకిలా పడి ఉన్నాడు. నోట్లో దుమ్ము, మీసాల్లో తంగేడు రేకులు. పక్కన కుళ్లాయప్ప ఒక చెప్పు లేకుండా, తలపాగా లేకుండా, మొగం నిండా మట్టితో లేచి కూర్చుని, ఎంతో మర్యాదగా అన్నాడు:

"మా పిల్లోడు కొంచెం సిగ్గు మనిషి."

అంతే. నరసింహప్ప కడుపులోంచి ఒక వింత చప్పుడు బయలుదేరింది. తుప్పుపట్టిన గిలక తిరిగినట్టుగా ముందు కీచుమంది, తర్వాత ఎక్కిళ్లుగా మారింది, తర్వాత ఆనకట్ట తెగింది. అతను పొట్ట పట్టుకుని దొర్లాడు. దూరం నుంచి చూసిన వాళ్లు గాడిద ఎక్కడో తన్నరాని చోట తన్నిందనుకున్నారు. ఓబమ్మ నీళ్ల చెంబుతో పరుగెత్తుకుని వచ్చింది.

"ఏమాయె, యాడ తగిలింది?"

"అల్లునికి... సిగ్గంట..." అన్నాడు నరసింహప్ప, ఇంకేం చెప్పలేక.

ఓబమ్మ చెంబు కింద పెట్టింది. మొగుడి పళ్లు ఇన్నున్నాయని మరచిపోయినట్టుగా చూసింది. తర్వాత తనూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడింది.

పెళ్లికొడుకును మళ్లీ పందిట్లోకి తెచ్చారు. నాలుగో కాలు కడగకుండానే కడిగినట్టు బయ్యన్న ఒప్పుకున్నాడు. జీలకర్ర బెల్లం పెట్టారు. బెల్లం వరకు పెళ్లికూతురు నాకేసింది. తాళి కట్టించారు. గాడిదల పెళ్లి ఆనవాయితీ ప్రకారం ఇక చివరిది ధార పోయడం. పస్తు కడుపు, ఎండ, తప్పెట్లు, నవ్వు అన్నీ కలిసి నరసింహప్పకు తల గిర్రున తిరుగుతోంది. పాదాల్లో ఏదో గిలిగింత. ఊరు ఊరంతా చాలా అందంగా కనబడుతోంది, చివరికి బయ్యన్న కూడా.

బయ్యన్న అతని దోసిట్లో నీళ్లు పోసే ముందు అడిగాడు. "బిడ్డకు అరణం ఏమిస్తాండావో చెప్పి ధార పోయి." కూతురు అత్తగారింటికి పోయేటప్పుడు తండ్రి ఆమె పేరున ఇచ్చేదే అరణం. గాడిదల పెళ్లిలో అందరూ బస్తాడు తవుడో, కట్టెడు గడ్డో చెబుతారు.

"ఆయమ్మ మేసేందుకు ఏమన్నా ఉండాల కదప్పా," అంది మారెక్క.

నరసింహప్ప దోసిలి పట్టి కుళ్లాయప్ప వైపు చూశాడు. కుళ్లాయప్ప మీసాల్లో ఇంకా మట్టి ఉంది, మెడలో దండలో మూడొంతుల పూలు రాలిపోయి నార మిగిలింది.

"గట్టు ఇస్తాండా," అన్నాడు నరసింహప్ప. తప్పెట్లు కొట్టేవాళ్లు కొట్టడం ఆపారు. "నడిమి గట్టు, దాని పక్క పట్టీ. బీగుడు మింగినాడని నేను చెప్పేదీ, మింగల్యా అని ఆయప్ప చెప్పేదీ. నా బిడ్డ మేసేందుకు అంతా ఇస్తాండా."

"గాడిద తంగేడు మేయదు కదన్నా," అని గుంపులోంచి ఎవరో అన్నారు.

"మేయకుంటే పూలు పెట్టుకుంటాది. నీకేమప్పా?"

బయ్యన్న చెంబు వంచాడు. నీళ్లు అతని వేళ్ల మీదుగా చిట్టెమ్మ డెక్కల మీద పడ్డాయి. మారెక్క మొదట నాలుక తిప్పి ఉలూలు కొట్టింది, తర్వాత తప్పెట్లు ఊపందుకున్నాయి, తర్వాత ఎవరు ఆడుతున్నారో ఎవరు చూస్తున్నారో తెలియకుండా పోయింది. నరసింహప్ప ఆడాడు. ఎట్లా ఆడాలో తెలియదు గనక రెండు చేతులూ పైకెత్తి, నీళ్లలో దిగిన బర్రెలా ఊగాడు. మారెక్క అతని పక్కన వచ్చి చేరి చెవిలో అరిచింది. "పూసినావ్ పో."

సాయంత్రం పడమట నల్లగా మబ్బు లేచింది. నాలుగు చినుకులు పడ్డాయి, దుమ్ము వాసన వచ్చేంత. తర్వాత మబ్బు మొత్తంగా మడకశిర దిక్కుకు పోయింది.

"గట్టూ పాయె, వానా పాయె," అంది ఓబమ్మ, ఇంటికి నడుస్తూ. కానీ ఆమె గొంతులో కోపం లేదు. "ఆ దండ తీసెయ్, వాడిపోయింది."

"ఉండనీ," అన్నాడు నరసింహప్ప. మొదలంటా నరుక్కున్నది ఎవరో అతనికి కొంచెం కొంచెం అర్థమవుతోంది. కుళ్లాయప్ప గట్టొక్కటే జరిపి ఉంటాడు. నవ్వునూ, ఓబమ్మతో మాటలనూ, దారిలో పలకరించే మనుషులనూ కొడవలి పెట్టి కోసుకున్నది తనే. అయినా మోడు చావలేదు. ఆ ఆలోచనకు ఏడుపు రావాల్సింది, మళ్లీ నవ్వే వచ్చింది.

మంగళవారం సర్వేయరు రానే వచ్చాడు. చైను పరిచారు, పాత రాళ్లు వెతికారు, తంగేడు పొదల మధ్య తవ్వితే ఒక రాయి బయటపడింది. దాని నుంచి కొలిచాక సర్వేయరు తల గోక్కున్నాడు.

"నరసింహప్ప చెప్పిందే నిజం. గట్టూ, పట్టీ, దాని అవతల నాలుగు సాళ్లు కూడా ఈయనవే. గట్టు బాగా జరిగింది."

ఊరు మొత్తం అక్కడే ఉంది. కుళ్లాయప్ప నిజంగానే తల దించుకున్నాడు. "సాలు సాలుగా జరిగింది బీగుడా. చూడక కొంత, చూసి కొంత." తువ్వాలుతో మొగం తుడుచుకున్నాడు. "నిన్న ఆటకు అన్న మాట పట్టుకోను నేను. నీది నువ్వు తీసుకో."

ఎన్నాళ్లుగానో నరసింహప్ప ఎదురుచూసిన క్షణం అదే. మాటల మూట విప్పాల్సిన క్షణం. అతను గొంతు సవరించుకున్నాడు. తువ్వాలు దులిపాడు. లోపల వెతికాడు. మూట ఉంది గానీ అందులో ఏమీ లేదు. ఉత్త గోనె. పక్కన ఓబమ్మ అతన్నే చూస్తోంది. నేల తీసుకుంటే చిట్టెమ్మకు పోసిన ధార ఉత్తదవుతుంది, ఓబమ్మ తల్లి అయిన పొద్దు ఉత్తదవుతుంది, తనేమో మళ్లీ పాత నరసింహప్ప అవుతాడు. అతనికి పాదాల్లో నిన్నటి గిలిగింత మళ్లీ మొదలైంది.

"ఆటేంది? నీళ్లు నా చేతి మీద పడినాయి. దిగినాయి. మళ్లీ చెంబులోకి ఎక్కించేదెట్ల? నువ్వు తీసుకోకుంటే నా బిడ్డను పస్తు పెట్టినావని ఊరూరా చెప్తా. నా నోరు ఎట్లాంటిదో నీకు తెల్సు కదా."

"తెల్సు," అన్నాడు కుళ్లాయప్ప వెంటనే. జనం గొల్లుమన్నారు. కుళ్లాయప్ప నవ్వబోయి, నవ్వలేక, ముందుకొచ్చి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

సర్వేయరుకు ఏమీ అర్థం కాలేదు. "రాళ్లు రికార్డు ప్రకారమే నాటుతానప్పా. ఇచ్చుకునేది ఉంటే కల్యాణదుర్గం పోయి మీరు మీరు రిజిస్ట్రేషన్ చేసుకోండి. అయినా గెలిచింది నువ్వు కదా, ఎందుకిట్లా నవ్వుతావు?"

"గెలిచినా కాబట్టే ఇచ్చేకి వస్తాండాది సార్. నాది కాకుంటే ఎట్లిస్తా?" నరసింహప్ప కళ్లలో నీళ్లు తుడుచుకున్నాడు. "ఒక్క సాయం చేయండి. బిడ్డకు మొత్తం ఎంత ఇచ్చినానో సరిగ్గా లెక్కగట్టి చెప్పండి. రేపట్నుంచి ఎవరడిగినా తప్పు చెప్పకూడదు."

సర్వేయరు పొడుగునూ వెడల్పునూ సెల్లులో కొట్టి, రెండోసారి సరిచూసి, గట్టిగా చదివాడు.

పదకొండున్నర సెంట్లు.